బ్లాండీలు రస్కుల్లా అయ్యాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలో చదువుకుంటోంది. సెలవులకు వస్తూ ల్యూబెక్ నుంచి మార్జిపాన్ (బాదం, పంచదార కలిపి చేసే ముద్ద) తెచ్చింది. తెల్ల చాక్లెట్ చారలతో బ్లాండీలు (కోకో లేని బ్రౌనీల్లాంటివి) చేద్దామని కూర్చుంటే, కరుగుతున్న చాక్లెట్ ఉన్నట్టుండి ఇసుకలా ముద్దకట్టింది. మార్జిపాన్ ముక్కలన్నీ అడుక్కి దిగి అంటుకుపోయాయి. టూత్‌పిక్ శుభ్రంగా వచ్చేదాకా ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) ఉంచితే చల్లారాక రస్కుల్లా గట్టిపడ్డాయి. తెచ్చిన మార్జిపాన్ కూడా అయిపోయింది. ఇంట్లో చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అంత దూరం నుంచి వచ్చిన మార్జిపాన్ అలా అయిపోయిందంటే నాకే ప్రాణం ఉసూరుమంది. కానీ మళ్లీ చేయండి, ఈసారి తప్పకుండా వస్తాయి.

ముందు చాక్లెట్ సంగతి. గిన్నెలోకి ఒక్క నీటి చుక్క పడినా, తడి గరిటె పెట్టినా అది బిగుసుకుపోతుంది. నాకూ ఒకసారి అలాగే అయింది, డబుల్ బాయిలర్ (మరిగే నీళ్ల గిన్నె మీద పెట్టే గిన్నె) మూత తీస్తుంటే ఆవిరి నీళ్లు కారి మొత్తం పాడైంది. పైగా తెల్ల చాక్లెట్‌లో పాలపొడి, పంచదార ఎక్కువ కాబట్టి వేడి కాస్త ఎక్కువైతే చాలు, మాడిపోతుంది. అందుకే నేను పొయ్యి మీద పెట్టను. 100 గ్రాముల చాక్లెట్‌ను సన్నగా తరిగి, మూడు టేబుల్ స్పూన్ల వేడి క్రీమ్ పోసి రెండు నిమిషాలు వదిలేసి కలుపుతాను. చుక్క నీటికి బిగుసుకునే చాక్లెట్ ఇంత క్రీమ్‌కి మాత్రం నున్నగా కరుగుతుంది. కొనేటప్పుడు కవర్ వెనక చూడండి, కోకో బటర్ అని ఉండాలి. దాని బదులు వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్, నోట్లో మైనంలా తగులుతుంది.

మార్జిపాన్ ఇంట్లో చక్కగా వస్తుంది. బాదం కట్లీకి పాకం పట్టాలి, దీనికి పొయ్యే అక్కర్లేదు. పొట్టు తీసి బాగా ఆరబెట్టిన బాదం 100 గ్రాములు, ఐసింగ్ షుగర్ 100 గ్రాములు కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఆపకుండా తిప్పితే నూనె వదులుతుంది. రెండు స్పూన్ల రోజ్ వాటర్ కొద్దికొద్దిగా చల్లుతూ చపాతీ పిండిలా ముద్ద చేయండి. బాదం ఖరీదనుకుంటే గోవాలో క్రిస్మస్‌కి చేసుకున్నట్టు జీడిపప్పుతో చేయండి, మన పలాస పప్పు ఉండగా లోటేముంది! ఆ ముద్దలో 120 గ్రాములు తీసి, శనగగింజంత కాకుండా ఉసిరికాయలో సగమంత ముక్కలు చేసి అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి.

ఇక పిండి. కరిగించి చల్లార్చిన వెన్న 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 160 గ్రాములు కలిపి, రెండు గుడ్లు, వెనిల్లా వేసి గిలక్కొట్టాలి. చివర్లో మైదా 140 గ్రాములు, పావు స్పూన్ ఉప్పు వేసి పొడి కనబడకుండా కలిపితే చాలు. బేకింగ్ పౌడర్ వద్దు. ఈ పిండి చిక్కగా ఉంటుంది కాబట్టి ముక్కలు మునగవు, అయినా సగం పిండి పరిచి, ముక్కలు పెట్టి, మిగతా సగం పైన వేయండి. ఎనిమిది అంగుళాల చదరపు ట్రే సరిపోతుంది.

చారలకి, చల్లారి ఇడ్లీ పిండంత చిక్కబడిన చాక్లెట్‌ను స్పూన్‌తో అక్కడక్కడా వేసి కత్తి మొనతో ఐదారు సార్లు లాగి వదిలేయండి. ఇంకా అందంగా చేద్దామని తిప్పుతూ పోతే ముగ్గులో రంగులు కలిసిపోయినట్టు అంతా ఒకటే రంగవుతుంది.

ముందే వేడి చేసిన ఓటీజీలో 170 డిగ్రీల దగ్గర సుమారు 25 నిమిషాలు. మీ రస్కుల రహస్యం ఇక్కడే ఉంది. కేక్‌కి టూత్‌పిక్ శుభ్రంగా రావాలి, బ్లాండీకి తడి తునకలు అంటుకుని రావాలి. అంచులు గట్టిపడి, ట్రే కదిపితే మధ్యలో కొంచెం వణుకుతుండగానే తీసేయండి, మిగతాది ట్రే వేడికే ఉడుకుతుంది. పూర్తిగా చల్లారాకే కోయండి, రెండు గంటలు ఓపిక పట్టాల్సిందే.

ప్రశ్న: మా అత్తగారు గుడ్డు తినరు. ఇదే కుదురుతుందా?
– మరో పాఠకురాలు, వరంగల్

జవాబు: కుదురుతుంది. ఒక్కో గుడ్డు బదులు పావు కప్పు గట్టి పెరుగు వేసి, అర స్పూన్ బేకింగ్ పౌడర్ కలపండి. నిజం చెప్పాలంటే గుడ్డుతో వచ్చే ఆ జిగురు రాదు, కాస్త కేక్‌లా ఉంటుంది. మర్నాటికి రుచి ఇంకా బాగుంటుంది కాబట్టి ముందురోజు రాత్రే చేసి పెట్టుకోండి.