క్రైస్తవ విలువల ప్రకారం ఫుడ్ డెలివరీ యాప్‌ను ఎలా చూడాలి? కడప నుంచి నా జవాబు

ప్రశ్న అడిగిన సోదరుడికి వందనాలు. స్విగ్గీ, జొమాటో లాంటి వాటిలో హలాల్ హోటళ్లు, పూజ చేసి పొయ్యి వెలిగించే టిఫిన్ సెంటర్లు, బార్ అండ్ రెస్టారెంట్లు అన్నీ ఒకే వరసలో ఉంటాయి కదా, విశ్వాసి అందులో తిండి తెప్పించుకోవచ్చా, అసలు అలాంటి యాప్‌ను వాక్యం ప్రకారం ఎలా తూచాలి అని మీరు అడిగారు.

తిండి సంగతి పౌలు ఎప్పుడో తేల్చేశాడు. కటికవాని అంగడిలో అమ్మేదేదైనా మనస్సాక్షి పేరుతో ఆరా తియ్యకుండా తినమన్నాడు (1 కొరింథీ 10:25). ఆ కాలంలో గుళ్లలో బలి ఇచ్చిన మాంసం కూడా అంగట్లోకి వచ్చేది. ఎవరైనా ఎదురుగా నిలబడి "ఇది బలి ఇచ్చింది" అని చెబితే అతని కోసం మానేయమన్నాడు, అంతే. అయినా కడపలో పుట్టి పెరిగి హలాల్ బిర్యానీ తినని క్రైస్తవుడు ఉంటే నాకు చూపించండి, దండం పెడతాను.

సంచిలో ఏముందన్న గొడవ మనకొక్కరికే కాదు లెండి. 2024 మార్చిలో జొమాటో శాకాహారుల కోసం వేరే డెలివరీ వాళ్లను పెడతాం, వాళ్లకు పచ్చ చొక్కాలిస్తాం అని ప్రకటించి, మర్నాడే చొక్కాల మాట వెనక్కి తీసుకుంది. మాంసం తెచ్చేవాడని ఎర్ర చొక్కా వాణ్ని ఏ అపార్ట్‌మెంటు వాళ్లు గేటు దగ్గరే ఆపేస్తారో అన్న భయం పట్టుకుంది మరి. ఆ నెలాఖరులోనే మా మందిరం గేటు దగ్గర నేను చూసింది చెబుతాను. నా జవాబంతా అందులోనే ఉంది.

మార్చి 29, గుడ్ ఫ్రైడే. పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగీకుడు. అందులో ఒకరిద్దరు మైకు దొరికితే వదలరు, అది ప్రతి ఊళ్లోనూ ఉండేదే. నాది బయట డ్యూటీ. బండ్లు సర్దడం, షామియానా కింద డ్రమ్ములో మజ్జిగ చూసుకోవడం. ఉపవాసం ఉన్నవాళ్లు మూడింటికి ఆశీర్వాదం అవగానే ముందు మజ్జిగ దగ్గరికే వస్తారు.

ఆరో మాట మీద ప్రసంగం నడుస్తోంది. "సమాప్తమైనది" అన్నది ఆ మాట, ప్రసంగం మాత్రం ఎంతకీ సమాప్తం కావడం లేదు. అప్పుడొచ్చాడు డెలివరీ పిల్లాడు. ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్లుంటాయి. బండి స్టాండు వేసి, ఫోన్ చేసి, మళ్లీ చేసి, నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఈ సార్ లోపల ఉండాడా? ఫోన్ ఎత్తడం లేదు."

స్క్రీన్ చూపించాడు. మా పాస్టరేట్ కమిటీలో, అంటే సంఘం వ్యవహారాలు చూసే కమిటీలో, పెద్దమనిషి పేరు. నాలుగు బిర్యానీలు, క్యాష్ ఆన్ డెలివరీ. మూడింటికల్లా చేతికి అందేలా మూడో వరస బల్ల మీద కూర్చునే ఆర్డరు పెట్టి, ఫోన్ సైలెంట్‌లో వేసుకున్నాడన్న మాట. ఆరాధనకు అంతరాయం కలగకూడదు కదా, భక్తి!

ఎండలో వచ్చాడు పాపం అని గ్లాసు మజ్జిగ ముంచి ఇచ్చాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని "రోజా అన్నా" అన్నాడు. అప్పుడు తట్టింది, రంజాన్ నెల. అందులోనూ శుక్రవారం. జుమ్మాకి పోలేదా అని అడిగా. "ఆ టైంలోనే ఆర్డర్లు అన్నా. లాగౌట్ అయితే ఇన్సెంటివ్ పోతాది" అన్నాడు. ఏదో బస్సు తప్పిపోయింది అన్నంత మామూలుగా చెప్పాడు.

పార్సిల్ నా దగ్గర పెట్టి పొమ్మన్నా. క్యాష్ ఆర్డరు, డబ్బు తీసుకోకుండా ఇచ్చి పోతే అది తన లెక్కలో పడుతుందన్నాడు. నేనే ఇచ్చేద్దామంటే గుడ్ ఫ్రైడే రోజు ఫోను ఇంట్లో పెట్టి రావడం నా అలవాటు, జేబులో ఉన్నది కానుకకి పోయింది. వంగి వంగి లోపలికెళ్లి పెద్దమనిషి భుజం తట్టాను. ఆయన కళ్లు తెరవకుండానే అరచెయ్యి చూపించాడు, ఆగమని. బయటికొచ్చి చూస్తే ఆ పిల్లాడు బిర్యానీ సంచి షామియానా నీడలో పెట్టి, తను గేటు బయట ఎండలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే చెప్పులు చూపించి, పర్లేదన్నా అన్నాడు. ఈ ఆర్డరు తెగేదాకా ఇంకోటి రాదు. ఊరికే ఫోను తీసి చూడటం, జేబులో పెట్టుకోవడం.

ఆశీర్వాదం అయ్యేసరికి మూడు దాటి చాలాసేపైంది. పెద్దమనిషి వచ్చాడు. మూత మీద చెయ్యి పెట్టి "చల్లారిపోయిందే!" అన్నాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, నాలుగు రూపాయల చిల్లర అడిగి పుచ్చుకున్నాడు. నేను అక్కడే ఉండగా ఫోన్ తీసి రెండు నక్షత్రాలు నొక్కాడు. పిల్లాడు ఏమీ అనలేదు. బండి కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

యెషయా 58 తీసి చదవండి. ఉపవాసం ఉన్నాం కదా, నువ్వెందుకు చూడవు దేవా అని జనం అడిగితే, మీ ఉపవాస దినాన మీ పనివాళ్ల చేత కఠినమైన పని చేయిస్తున్నారు అని జవాబు వస్తుంది. మూడో వచనం. యాప్ గురించి ఇంతకన్నా నేరుగా ఎవరూ చెప్పలేరు. మన పాస్టర్లు లెంటులో, అంటే ఈస్టరు ముందు ఉపవాస దినాల్లో, ఆ అధ్యాయం ఎత్తుకుంటారు గానీ, ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టమనే ఏడో వచనం దగ్గరే ఆగుతారు. మూడో వచనం చదివితే ముందు వరసలో కూర్చున్నవాళ్లు కదులుతారు మరి.

సాయంత్రం ఆయన్ని అడిగేశాను. "వాడికి నేను పని ఇచ్చాను. నేను ఆర్డరు పెట్టకపోతే వాడికి ఆ నాలుగు డబ్బులు కూడా రావు" అన్నాడు. ఇందులో అబద్ధం లేదు. ఆ పిల్లాణ్ని అడిగినా ఆర్డర్లు కావాలనే అంటాడు. కానీ ధర్మశాస్త్రం పని ఇచ్చినందుకు మనల్ని మెచ్చుకోదు. సూర్యుడు అస్తమించక ముందే కూలి ఇచ్చెయ్, వాడు పేదవాడు, దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడు అంటుంది (ద్వితీయోపదేశ 24:15). ఈ యాప్‌లలో మామూలుగా లెక్క వారానికోసారి. పైగా ఆ లెక్క ఎలా వచ్చిందో లెక్క పుచ్చుకునేవాడికే తెలియదు.

మా జేజి చెనక్కాయలు పీకే కూలికి పోయేది. కూలి డబ్బుల్లో కాదు, కాయల్లోనే. కొలిచేవాడు పడి (కొలపాత్ర) లోపల బొటనవేలు పెట్టి కొలిచేవాడట. రోజంతా వంగిన నడుముకి వేలెడు కాయలు తక్కువ. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర హోటళ్ల ముందు నిలబడే డెలివరీ పిల్లల్ని కదిలిస్తే చెప్పేది కూడా అదే మాట: మ్యాప్‌లో మూడు కిలోమీటర్లు, బండి మీటరులో నాలుగున్నర. జేజికి ఆ వేలు కనిపించేది, తిట్టుకునేది. వీళ్లకి వేలు కూడా కనిపించదు. ఆమోసు ఎనిమిదో అధ్యాయంలో వర్తకులు విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తూ కొలపాత్రను చిన్నది చేస్తారు, తూకపు రాయిని పెద్దది చేస్తారు. సోదరా, మీరు అడిగిన కొలత అదే.

తూకపు రాయి అన్నాను కాబట్టి రేట్ల సంగతి కూడా చెప్పాలి. మా వీధి చివర కారం దోసె కౌంటర్‌లో అరవై, యాప్‌లో ఎనభై ఐదు. పైన "భారీ తగ్గింపు" అని ఒక కూపన్. పెంచి తగ్గించడమేమిటి? హోటలాయన్ని అడిగితే, నూటికి ఇరవై ముప్పై కంపెనీకే పోతుంది, నేనెక్కడ తెచ్చేది అంటాడు. యాప్ ప్రతి ఆర్డరు మీదా వేసే ప్లాట్‌ఫామ్ ఫీజు 2023లో రెండు రూపాయలతో మొదలై ఇప్పుడు పది దాటేసింది. కానుక సంచి ముందుకొస్తే చిల్లర లేదని జేబులు తడుముకునేవాళ్లం, ఇది మాత్రం అడక్కుండానే కట్టేస్తున్నాం. ఇంతా చేస్తే ఆ దోసె ప్లాస్టిక్ డబ్బాలో ఆవిరి పట్టి మెత్తబడి వస్తుంది. ఎర్రకారం, పప్పుల పొడి ఒక మూలకి చేరిపోయి ఉంటాయి. కారం దోసె పెనం దగ్గర నిలబడి తినాల్సింది. దాన్ని ఇంటికి తెప్పించుకోవడం వాక్యం ప్రకారం పాపమో కాదో గానీ కడప ప్రకారం పాపమే.

2025 డిసెంబర్ 25న, మళ్లీ 31న గిగ్ కార్మికుల, అంటే ఇలా యాప్‌ల మీద పనిచేసేవాళ్ల, సంఘాలు దేశవ్యాప్త సమ్మెకు పిలుపిచ్చాయి. క్రిస్మస్ ఆరాధన అయ్యాక మా మందిరం ఆవరణలోనే "పండగ రోజే దొరికిందా వీళ్లకి" అని కొందరు విసుక్కున్నారు. పండగ రోజున కాక మామూలు మంగళవారం సమ్మె చేస్తే ఎవరికి తెలుస్తుంది? పుట్టినవాడికి సత్రంలో చోటు దొరకలేదని ఆ ఉదయమే పాడి వచ్చిన నోళ్లు అవి. ఆ సమ్మె తర్వాతే జనవరిలో పది నిమిషాల డెలివరీ ప్రచారం ఆపమని కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలకు చెప్పారు. వీళ్ల కోసం చట్టం లేదని కాదు. 2020లో చేసిన సామాజిక భద్రత కోడ్‌లో కంపెనీలు తమ టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం కార్మికుల సంక్షేమ నిధికి కట్టాలని ఉంది. అమల్లోకి రావడానికి 2025 నవంబర్ 21 దాకా పట్టింది. ఈ మధ్యలో ఎంతమంది బండ్ల మీద నుంచి పడ్డారో.

మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని గురించి చాలామంది నాకు ఎదురు చెబుతారు: ఒప్పుకున్న కూలి ఇచ్చాడు కదా, తప్పేముంది అని. ఆ యజమాని సాయంత్రం ఐదింటికి కూడా తనే సంతవీధికి వెళ్లి, మీరెందుకు ఊరికే నిలబడ్డారు అని అడిగాడు. మమ్మల్ని ఎవరూ పెట్టుకోలేదన్నారు. ఒక్క గంట చేసిన వాళ్లకీ పూర్తి దేనారం, అంటే రోజు కూలి, ఇచ్చాడు, ఎందుకంటే ఇంట్లో పొయ్యి వెలగడానికి దేనారం కావాలి, గంటలు కాదు. యాప్ దీనికి సరిగ్గా తలకిందులు. టార్గెట్‌కి ఒక్క ఆర్డరు తక్కువైతే ఇన్సెంటివ్ మొత్తం పోతుంది. ఎందుకు నిలబడ్డావని అడగడానికి అక్కడ మనిషే లేడు.

యాప్ తీసెయ్యండి అని మాత్రం నేను చెప్పను. నాకు రాత్రి డ్యూటీ పడ్డ రోజుల్లో అమ్మకి ఇడ్లీ దాని మీదే తెప్పిస్తాను. ఆర్డరు పెట్టాక ఫోను చేతిలో ఉంచుకుంటాను, గేటు దాకా దిగి వస్తాను, ముందే డబ్బు కట్టేస్తాను, చేతికి పదో ఇరవయ్యో ఇస్తాను. హోటల్ నడిచిపోయేంత దగ్గరైతే పోయి తెచ్చుకుంటాను. ఆదివారం ఉదయం, ఉపవాస దినాన మాత్రం ఎవరి చేతా మోయించను. దాసుడూ పరదేశీ కూడా విశ్రాంతి తీసుకోవాలన్నది నాలుగో ఆజ్ఞలోనే ఉంది, పరదేశి మతం ఏమిటని అక్కడ అడగలేదు. నక్షత్రాల విషయంలో ఒక్కటే: అన్నం చల్లారిందని మనిషికి మార్కులు తగ్గించకండి.

గుడ్ ఫ్రైడే రోజు మందిరం చిరునామాకి ఎవరూ ఆర్డర్లు పెట్టకూడదని నోటీసు చదివించాలని కమిటీలో పెట్టాను. పెద్దమనిషి ఒప్పుకోలేదు, వచ్చే మీటింగులో చూద్దామన్నారు, ఆ మీటింగులో షెడ్డు రేకుల గొడవతోనే సరిపోయింది. అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడడం లేదు. వచ్చే నెల మళ్లీ పెడతాను. పాస్టరు అయ్యగారు నా వైపే ఉంటారని నమ్మకం ఉంది గానీ, ఆయనా జొమాటో గోల్డ్ మెంబరే.