ముందు కేబుల్ వెంట నడువు, తల్లీ

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

కాలిఫోర్నియాలో టెలికాం ఫైబర్ కేబుళ్లతో భూకంపాన్ని, దాని కుదుపు జనాన్ని చేరకముందే పసిగట్టే టీమ్‌లో చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఇన్నేళ్లు ఈ పనిలోనే ఉన్నవాణ్ని కాబట్టి, మొదట్లో నీకు పనికొచ్చే సంగతులు కొన్ని రాస్తున్నాను.

వెళ్లగానే అల్గారిదమ్ పట్టుకుని కూర్చోవాలనిపిస్తుంది. ఆగు. ముందు కేబుల్ ఎటు పోతోందో దాని వెంట నడిచి చూడు. కేబుల్ చివర తగిలించే ఇంటరాగేటర్ అనే పరికరం లేజర్ పల్స్‌లు పంపి, ఫైబర్ గాజులోని అతి చిన్న లోపాల నుంచి వెనక్కి వచ్చే కాంతిని చదువుతుంది. నేల సాగినా, నొక్కుకున్నా ఆ కాంతి ఫేజ్, అంటే దాని అల ఏ దశలో ఉందో అది, మారుతుంది. అది ఎన్నో మీటరు దగ్గర మారిందో తెలుస్తుంది. అయితే ఆ మీటర్లు ఫైబర్ పొడవువి, రోడ్డువి కావు. రిపేర్లకు పనికొస్తుందని టెలికాం వాళ్లు మ్యాన్‌హోల్స్‌లో అదనపు కేబుల్ చుట్టి పెడతారు. నాలుగైదు చుట్టలు దాటేసరికి నీ మ్యాపూ నేలా కలవవు.

వంద మీటర్ల తేడాకి కొంప మునగదు కదా అంటావు. దూరం సంగతి నిజమే, దిశ దగ్గరే చిక్కంతా. ఫైబర్ తన బారునా వచ్చే సాగుడునే కొలుస్తుంది. తిన్నగా పోయే కేబుల్‌కి పక్కనుంచి అడ్డంగా వచ్చే పి తరంగం (భూకంపం నుంచి అన్నిటికన్నా వేగంగా వచ్చే అల) దాదాపు కనిపించదు. మనకి ముందుగా అందే కబురు ఆ పి తరంగమే. అందుకే రోడ్డు ఎక్కడ మలుపు తిరిగిందో కచ్చితంగా తెలియాలి. జీపీఎస్‌తో గుర్తించిన చోట సుత్తితో నేల మీద కొట్టి, అది ఏ ఛానల్‌లో, అంటే ఫైబర్‌లో కొలత తీసే ఏ ముక్కలో, పడిందో రాసుకుంటూ పో. ఈ ట్యాప్ టెస్ట్ విసుగు పుట్టిస్తుంది, అయినా స్వయంగా చెయ్యి. వంతెనల మీదివి, స్తంభాలకు వేలాడేవి విడిగా మార్క్ చేసుకో. వాటిని గాలే ఊపేస్తుంది.

2019 జూలైలో కాలిఫోర్నియాలోని రిడ్జ్‌క్రెస్ట్‌లో 6.4, మర్నాడే 7.1 తీవ్రతతో భూకంపాలు వచ్చాక కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్లు అక్కడి డార్క్ ఫైబర్‌కి (వాడకుండా ఖాళీగా ఉన్న ఫైబర్‌కి) పరికరం తగిలించి ఆఫ్టర్‌షాక్‌లు పట్టుకున్నారు. 2021 జూలైలో యాంటెలోప్ వ్యాలీ భూకంపం తీవ్రత 6.0. అప్పుడు దాదాపు 100 కిలోమీటర్ల కేబుల్ 10,000 సీస్మోమీటర్లంత (నేల కదలికను కొలిచే పరికరాలంత) పని చేసింది. ఆ రికార్డులు శ్రద్ధగా చదువు. కానీ చిన్న కుదుపుల మీద నేర్పిన మోడల్ పెద్దదానికీ సరిపోతుందని నమ్మకు. దగ్గర్లో నేల గట్టిగా ఊగితే ఫేజ్ లెక్క తప్పిపోతుంది, తీవ్రత అంచనా అక్కడే దెబ్బతింటుంది. అందుకే సీస్మోమీటర్లను పక్కన పెట్టొద్దు. కాలిఫోర్నియా జనానికి 2019 నుంచి హెచ్చరికలు ఇస్తున్న షేక్‌అలర్ట్ వ్యవస్థ నడిచేది ముఖ్యంగా వాటి మీదే. ఫైబర్ వాటికి తోడుగా ఉండాలి.

పి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, నష్టం చేసే ఎస్ తరంగం మూడున్నర కిలోమీటర్లు పోతాయి. 70 కిలోమీటర్ల దూరంలో ఈ రెండింటికీ తేడా 8 సెకన్లే. డేటా రోజుకు టెరాబైట్లలో వస్తుంది, అదంతా ఎక్కడికో పంపి లెక్కలు వేసే టైమ్ ఉండదు. ఇంటరాగేటర్ ఉన్న గదిలోనే లెక్క ముగించి, ఫలితం మాత్రం బయటికి పంపించు.

నీకు అవకాశం వస్తే సముద్రం కింది కేబుళ్ల మీద పని అడుగు. నాకు అన్నిటికన్నా ఆశ అక్కడే ఉంది. అమెరికా వాయవ్య తీరంలోని కాస్కేడియా లాంటి చోట్ల పెద్ద భూకంపం పుట్టేది తీరానికి అవతల. గట్టు మీది స్టేషన్ భూకంప తరంగం తీరం చేరేదాకా ఆగాలి, సముద్రంలోని ఫైబర్‌కి అంతసేపు ఆగే అవసరం లేదు. 2018లో కాలిఫోర్నియా తీరంలోని మాంటెరీ బేలో 20 కిలోమీటర్ల కేబుల్ మీద నాలుగు రోజులు ప్రయోగం చేస్తేనే, ఒక చిన్న భూకంపంతో పాటు అంతవరకు తెలియని ఫాల్ట్‌లు (నేల పొరల్లోని పగుళ్లు) కూడా బయటపడ్డాయి.

ఇంకొకటి. కేబుల్ తెగితే అతికించేవాళ్లు నీకు చెప్పరు, చెప్పాలని వాళ్లకి తెలియదు కూడా. అతుకు పడ్డ దగ్గర్నుంచి ఛానళ్లన్నీ జరిగిపోతాయి. స్ప్లైసింగ్ సిబ్బందిని ఈ నెలలోనే కలిసి నీ నంబర్ ఇచ్చి రా.

ఇట్లు,
పెదనాన్న