పోలిక చూసి పుట్టుక చెప్పకు

అనంతపురం

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. కడపలో పరిశోధనకు చేరుతున్నావని, హార్మోన్లు తయారుచేసే కణాలు కోడి పిండంలో ఎక్కడ మొదలవుతాయో వెతుకుతావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం బెంగ.

ముందు గుడ్ల సంగతి. కడప ఎండల్లో గుడ్డును బల్ల మీద వదిలేస్తే ఇంక్యుబేటర్‌లో పెట్టకముందే పిండం ఎదగడం మొదలుపెడుతుంది. నీ లెక్కలో దాని వయసు తప్పుతుంది. తెల్లవారుజామునే తెచ్చి చల్లటి చోట ఉంచు. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో తేదీ, గంట రాయి. మిగతావి అక్కడ నేర్పుతారు.

నా తప్పు ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. 1977లో కాలేజీలో కొత్తగా పాఠాలు చెబుతున్న రోజులవి. మూత్రపిండం మీద ఉండే అధివృక్క గ్రంథి దవ్వను (లోపలి భాగాన్ని), పేగు గోడను డైక్రోమేట్ అనే రసాయనంలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూశాను. రెండింట్లోనూ కొన్ని కణాలు ఒకే గోధుమ రంగుకు తిరిగాయి. ఇలాంటి హార్మోన్ కణాలన్నీ న్యూరల్ క్రెస్ట్ నుంచి, అంటే వెన్నుపాము ఏర్పడేచోట అంచులు విడిచి వలసపోయే కణాల నుంచి వచ్చి ఉంటాయని పియర్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అంతకుముందే ప్రతిపాదించారు. నా కళ్లు ఆ మాటకు సాక్ష్యం పలికాయి. ప్రతిపాదనను సత్యంగా పాఠం చెప్పాను. పేగులోని హార్మోన్ కణాలు పేగు లోపలి పొర నుంచే పుడతాయని ఒక అమ్మాయి పరీక్షలో రాస్తే, ఎర్ర సిరాతో కొట్టేసి మార్కులు తీసేశాను.

ఆ అమ్మాయి రాసిందే సరి. ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారిన్ కౌజుపిట్ట పిండంలోని న్యూరల్ క్రెస్ట్ ముక్కను కోడి పిండంలో అతికించారు. కౌజు కణాల కేంద్రకంలో క్రోమాటిన్, అంటే డీఎన్ఏ, ప్రోటీన్లు కలిసిన పదార్థం, ముద్దకట్టి ఉంటుంది. ఎంత దూరం వలసపోయినా గుర్తుపట్టవచ్చని 1969లో ఆమె చూపారు. అధివృక్క దవ్వలో కౌజు కణాలు దొరికాయి, పేగు గోడలోని నాడీకణాల్లోనూ దొరికాయి. పేగులోని హార్మోన్ కణాలు మాత్రం కోడివే. ఈ ఫలితం నేను ఉద్యోగంలో చేరకముందే అచ్చయింది. నేను వెతకలేదు. చదివేసరికి ఆ అమ్మాయి ఊరు విడిచి వెళ్లిపోయింది. ఆమె చిరునామా కోసం చాలా మందిని అడిగాను. దొరకలేదు. ఆ కాగితం మీది ఎర్ర గీత ఇప్పటికీ నా కళ్లముందు కదులుతుంది.

అందుకే నీ విషయంలో ఇంత భయం. పరిణామంలోకి వెళితే ఇంకా జాగ్రత్తగా ఉండు, అక్కడ పోలిక ఇంకా మోసం చేస్తుంది. ఇన్సులిన్‌ను మనలో క్లోమం తయారుచేస్తే, పండు ఈగలో ఆ కుటుంబానికి చెందిన హార్మోన్లను మెదడులోని నాడీకణాలు స్రవిస్తాయి. లాంప్రే అనే దవడలేని చేప లార్వాలో గొంతు అడుగున ఉండే ఎండోస్టైల్ అనే అవయవం, అది పెద్ద చేపగా మారే రూపవిక్రియలో అవటు (థైరాయిడ్) గ్రంథిగా మారుతుంది. రాత్రి భోజనం మానేసి స్లైడ్ల ముందు కూర్చోకు, ఆ వేళ చూసినదాన్ని నమ్మనూ నమ్మకు.

పెద్దమ్మ వేరుశనగ పొడి కట్టి ఉంచింది. మధ్యాహ్నపు ఎండలో కాకుండా సాయంత్రం బస్సుకు వచ్చి తీసుకెళ్లు. మొదటి స్లైడు సిద్ధమైన రోజు కబురు పెడితే కడపకు నేనే వస్తాను.

పెదనాన్న