వీణ పట్టుకుంటే వైణికురాలేనా?

ప్రశ్న: మేం చూసే సీరియల్‌లో హీరోయిన్‌ని గొప్ప వైణికురాలని అందరూ పొగుడుతుంటారు. నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు. మా అత్తయ్యగారేమో వంకలు పెట్టకంటారు. వీణ టీచరుగా మీరేమంటారు మేడమ్?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ అనుమానం సరైనదేనమ్మా. నేనూ చూస్తున్నాను. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, రావాలంటే వీణ మెట్టు మీద తీగను ఎడమచేత్తో పక్కకి లాగాలి. ఆ అమ్మాయి ఎడమచెయ్యి కదలనే కదలదు, గమకాలు మాత్రం వినిపిస్తుంటాయి! సాధన చేసేవాళ్ల ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసల్లో తీగ గాట్లు పడి కాయలు కాస్తాయి. క్లోజప్‌లో ఆమెకి ఆ వేళ్లకే పొడుగాటి గోళ్లు. ఒక్క ఎపిసోడ్‌లోనైనా శ్రుతి చేసుకోదు, తప్పు వాయించి మళ్లీ మొదలెట్టదు. సీరియల్‌లో పోటీ జడ్జీలు కన్నీళ్లు పెట్టుకుంటే విద్వత్తు వచ్చేస్తుందా? వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు పుట్టిన ద్రాక్షారామం మనకి పక్కనే. ఇక్కడివాళ్ల చెవులకి ఆ మాత్రం తెలియదా! నటికి వీణ రానక్కర్లేదు, కొన్నాళ్లు గురువు దగ్గర కూర్చోబెడితే చాలు. అదే సీరియల్‌లో బామ్మ పూతరేకు చిరగకుండా మడిచే తీరు చూడండి, అచ్చం ఆత్రేయపురం చెయ్యే.