అడిస్ అబాబాలో రాత్రి పూట సంగీతం వినాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

ఉద్యోగరీత్యా ఆరు నెలలు అడిస్ అబాబాలో ఉండబోతున్నారనీ, సాయంత్రాలు అక్కడి సంగీతం వినాలని ఉందనీ, అయితే భాష రాదు, మద్యం అలవాటు లేదు, శాకాహారులు కాబట్టి ఒంటరిగా అలాంటి చోట్లకు వెళ్ళవచ్చా అన్న సందేహం పీడిస్తోందనీ రాశారు. నేను ఇథియోపియాలో నాలుగేళ్ళు అధ్యాపకుడిగా పనిచేశాను. కొలువు అదామాలో అయినా, అక్కడికి సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న రాజధానికి నెలకు రెండు శనివారాలైనా వెళ్ళేవాడిని. మీరు చెప్పిన షరతులన్నీ నాకూ ఉన్నవే. ఒక్కటి కూడా అడ్డం రాలేదు.

ముందుగా గడియారం సంగతి చెప్పాలి. అక్కడ రోజు అర్ధరాత్రి కాక తెల్లవారుజామున మొదలవుతుంది. మన ఉదయం ఏడు గంటలు వారికి ఒంటిగంట, పొద్దుగూకాక ఏడు గంటలు మళ్ళీ ఒంటిగంట. మొదటిసారి నా సహోద్యోగి ఒకరు "శనివారం మూడు గంటలకు అక్కడ కలుద్దాం" అంటే, నేను మండుటెండలో మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి వెళ్ళి నిలబడ్డాను. లోపల కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి, ఒకావిడ నేల కడుగుతోంది. నా అవస్థ చూసి నవ్వి, బొగ్గుల కుంపటి మీద కాఫీ కాచి ఇచ్చింది. ఆయన వచ్చింది రాత్రి తొమ్మిదికి. మన జాముల లెక్క గుర్తున్నవారికి ఇందులో వింతేమీ కనిపించదు, తొలి జాము ముగిసే వేళ అనుకుంటే సరిపోతుంది. కానీ ఎవరైనా వేళ చెప్పినప్పుడు ఏ లెక్కలో చెబుతున్నారో తప్పక అడగండి.

ఇక మీరు తప్పకుండా వెళ్ళవలసినది అజ్మారి బేత్. బేత్ అంటే ఇల్లు. అజ్మారి అంటే మసింకో వాయిస్తూ అప్పటికప్పుడు మాటలు కట్టి పాడే గాయకుడు. మసింకోకు ఉండేది ఒక్కటే తీగ, అదీ గుర్రపు వెంట్రుకలతో పేనినది. తోలు బిగించిన నలుపలకల పెట్టె మీద కమానుతో వాయిస్తారు. ఒక గది, గోడ వెంట పొట్టి పీటలు, మధ్యలో పాడేవారు, పక్కన కెబెరో అనే పెద్ద డోలు: ఇంతే హంగు. వేదిక ఉండదు, గాయకుడు మీ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వచ్చి మీ మీదే పాట కడతాడు. మన భట్రాజుల పొగడ్తా, చాటు పద్యాల ఎత్తిపొడుపూ ఒకే మనిషి నోట వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వారి కవిత్వానికి ప్రాణం 'సెమ్నా వెర్క్', అంటే మైనం, బంగారం. కంసాలి మైనపు అచ్చు చుట్టూ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట బంగారం పోసినట్టు, పైకి వినిపించే అర్థం మైనమైతే లోపల దాగినది బంగారం. ఒకే మాటను వేరే చోట విరిస్తే వేరే అర్థం వస్తుంది. శ్లేషతో పెరిగిన మనకు ఈ సంగతి చెప్పగానే బోధపడుతుంది. రాజులను మెచ్చుకుంటున్నట్టే ఉండి దెప్పిపొడవడానికి అజ్మారులు దీన్నే వాడుకున్నారు. ఇటలీ ఆక్రమణ కాలంలో, 1937లో, ఇటలీ వైస్రాయి గ్రాజియాని సోదె చెప్పేవారితో పాటు ఊరూరా తిరిగి పాడేవారిని కూడా పట్టి చంపించాడంటే, ఆ పాటల్లోని బంగారం పరాయి పాలకులకు కూడా ఎంతో కొంత అర్థమయిందన్నమాటే.

అందుకే ఒంటరిగా వెళ్ళగలిగినా వెళ్ళవద్దంటాను. కారణం భద్రత కాదు, మాట. పక్కన అక్కడి భాష అమ్హారిక్ తెలిసినవారు లేకపోతే మీకు మైనం కూడా దక్కదు. ఒక రాత్రి కజాంచిస్ పేటలో మసింకో ఆయన నా ముందు నిలబడి ఏం చేస్తుంటావని అడిగాడు. నా సహోద్యోగి "అస్తెమారి" అన్నాడు, అంటే పంతులు. అజ్మారి, అస్తెమారి! ప్రాస దానంతట అదే దొరికింది. నాకు సుద్దముక్క, అతనికి కమాను. ఇద్దరం మాటలమ్ముకుని బతికేవాళ్ళమే, అయితే నా విద్యార్థులు కునికిపాట్లు పడినా నాకు జీతం వస్తుంది, అతని శ్రోతలు నిద్రపోతే అతనికి తిండి లేదు అని ఆ పాట సారాంశం. గది గదంతా నావైపు తిరిగి నవ్వింది. ఇంకేదో రెండో అర్థం కూడా ఉందట, సహోద్యోగి ఎంత అడిగినా చెప్పలేదు. అలాంటప్పుడు చేయవలసిన మర్యాద ఏమిటంటే, లేచి వెళ్ళి ఒక నోటును గాయకుడి నుదుటికి అంటించడం. చెమటకు అది అతుక్కుంటుంది, అతను పాట ఆపడు. మనకు నోట్లు అలా అంటించడం మొదట్లో ఎబ్బెట్టుగా తోస్తుంది, కానీ చేతికిస్తేనే అక్కడ చిన్నచూపుగా ఉంటుంది.

కజాంచిస్‌లో నేను ఎక్కువగా వెళ్ళినది ఫెండికా అనే అజ్మారి బేత్‌కు. మెలాకు బెలాయ్ అనే నర్తకుడు బాల్యంలో వీధుల్లో బతికి, అక్కడే పనిచేస్తూ అక్కడే పడుకుని, తరువాత ఆ చోటును తానే తీసుకుని నడిపాడు. అతని ఎస్కిస్తా నృత్యం చూసి తీరాలి. కాళ్ళు దాదాపు కదలవు, భుజాలూ మెడా ఛాతీ మాత్రం విడివిడిగా ప్రాణం వచ్చినట్టు అదురుతాయి. అయితే 2024 చివర్లో నగరాభివృద్ధి పేరిట కజాంచిస్ పాతపేటను కూల్చివేసినప్పుడు ఫెండికా తన పాత గూడు విడిచిపోవలసి వచ్చింది. అంతకుముందు 2015 జనవరిలో పియాసాలోని తైతు హోటల్ కాలిపోయినప్పుడు దానిలోని జాజాంబా అనే జాజ్ వేదిక కూడా బూడిదైంది. కాబట్టి పాత వ్యాసాల్లోని చిరునామాలను నమ్ముకుని బయలుదేరకండి. ఫలానా కళాకారుడు ఈ వారం ఎక్కడ వాయిస్తున్నాడని అడగండి. చోటు పోయినా మనిషి ఎక్కడో ఒకచోట వాయిస్తూనే ఉంటాడు.

జాజ్ విషయానికి వస్తే, దానికి బీజం 1924లో పడిందని చెబుతారు. ఆ ఏడు రాస్ తఫారి, అంటే తరువాతి హైలె సెలాసీ చక్రవర్తి, జెరూసలేంలో నలభైమంది ఆర్మేనియన్ అనాథ బాలుర బ్యాండు విని ముచ్చటపడి వారిని అడిస్‌కు రప్పించాడు. ఇత్తడి బూరలు అలా ఊరిలోకి వచ్చాయి. 1943లో జిమ్మాలో పుట్టిన ములాతు అస్తాత్కే లండన్‌లో, బోస్టన్‌లో చదువుకుని వచ్చి, అక్కడి ఐదు స్వరాల వరుసలకు జాజ్ హంగులు కూర్చి ఇథియో-జాజ్ అన్నాడు. వారి తిజితా వరుసలో ఒక రకం అచ్చంగా మన మోహన స్వరాలే. గాయని ఒకరు తిజితా ఎత్తుకోగానే నాకు తెలియకుండానే "స రి గ ప ద" అని గొణుక్కున్నాను, పక్కాయన వింతగా చూశాడు. తిజితా అంటే జ్ఞాపకం, బెంగ. ఇల్లు వదిలి వచ్చినవారు ఆ పాటను తేలిగ్గా తీసుకోలేరు.

1974లో సైనిక ప్రభుత్వం వచ్చాక ఈ రాత్రి జీవితానికి కర్ఫ్యూ పడింది. చీకటి పడ్డాక రోడ్డెక్కితే ప్రమాదం గనుక, హోటల్‌లో పాట వినడానికి వెళ్ళినవారు తెల్లవారేదాకా అక్కడే ఉండిపోయేవారనీ, వాయించేవారు కూడా వాయిస్తూనే ఉండేవారనీ నా ఇంటి యజమాని చెప్పేవాడు. 1991 దాకా పరిస్థితి దాదాపు అదే.

బొలే వైపు పెద్ద సాంస్కృతిక భోజనశాలలున్నాయి. యోడ్ అబిసీనియా పేరు మీరు వినే ఉంటారు. ఇంజెరా అనే పులిసిన పిండి అట్టు తింటూ దేశంలోని అన్ని ప్రాంతాల నృత్యాలూ ఒక్క పూటలో చూడవచ్చు. మొదటి వారంలో ఒకసారి వెళ్ళండి, తప్పు లేదు. రెండోసారి నాకు వెళ్ళబుద్ధి కాలేదు.

తిండికి ఇబ్బంది ఉండదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం పాటిస్తారు, ఆ రోజుల్లో మాంసమే కాదు, పాలూ నెయ్యీ కూడా ముట్టరు. "యెత్సోమ్ బెయాయినెతు" అని అడిగితే పప్పులు, కూరలు ఇంజెరా మీద వడ్డించి తెస్తారు. అయితే ఈస్టరుకు ముందు వచ్చే యాభై అయిదు రోజుల పెద్ద ఉపవాస కాలంలో అజ్మారి ఇళ్ళు చాలావరకు మూగబోతాయి. మీ ఆరు నెలల్లో అది పడుతుందేమో చూసుకోండి. మద్యం తాగనంటే ఎవరూ నొచ్చుకోరు. బెరెలె అనే మెడ సన్నని గాజు బుడ్డిలో వచ్చే తెజ్ మాత్రం తేనెతో చేసిన పానకంలా కనిపించి మోసం చేస్తుంది, అది మద్యమే.

డబ్బు విషయంలో ఒక చేదు అనుభవం చెప్పాలి. ఒక చోట అడగకుండానే తినుబండారాల పళ్ళెం తెచ్చిపెట్టి, చివర్లో నాలుగింతలు ధర వేశారు. అప్పటినుంచి కూర్చోకముందే ప్రవేశ రుసుమెంత, ఏది ఎంత అని అడగడం అలవాటు చేసుకున్నాను. 2024 జూలైలో అక్కడి కరెన్సీ బిర్ విలువను మార్కెట్‌కు వదిలేశాక పాత ధరలేవీ పనికిరావు. తిరుగు ప్రయాణానికి రోడ్డు మీద టాక్సీ ఆపకుండా ఫోన్‌లో పిలిపించుకోండి. ఊరు సముద్రమట్టానికి రెండు వేల మూడు వందల మీటర్లకు పైన ఉంది, మే నెలలో కూడా రాత్రి స్వెట్టరు కావలసిందే.

బయలుదేరే ముందు యాభై బిర్ నోట్లు కొన్ని మార్పించి జేబులో వేసుకోండి. మీ వృత్తిని అమ్హారిక్‌లో ఏమంటారో కూడా ఎవరినైనా అడిగి తెలుసుకోండి. మసింకో ఆయన మొదట అడిగేది అదే, ప్రాస కుదరని ఉద్యోగమైతే ఆయన మీ జుట్టు మీదో, కడుపు మీదో పాట కడతాడు.