మీ ప్రశ్నలు - మా జవాబులు: పాత తుపాకీకి పార్టులు

ప్రశ్న: మేం ఒహాయోలో ఉంటాం. పక్క పొలం పెద్దాయన ఊరు మారుతూ తన పాత ఒంటిగొట్టం షాట్‌గన్ నాకిచ్చారు. ఫైరింగ్ పిన్ (ట్రిగ్గర్ నొక్కితే తూటా వెనక పొడిచి పేల్చే సూది) విరిగిపోయింది. బారెల్ మీద ‘జె.సి. హిగిన్స్’ అనీ, 101తో మొదలయ్యే మోడల్ నంబరూ ఉన్నాయి. సీరియల్ నంబరు లేదు. ఆ కంపెనీ ఎంత వెతికినా దొరకట్లేదండీ, ఇది దొంగ సరుకేమో అని టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. అమెరికాలో 1968 గన్ కంట్రోల్ చట్టం వచ్చేదాకా షాట్‌గన్లకు సీరియల్ నంబరు తప్పనిసరి కాదు, చౌక రకాలకు చాలామంది వేసేవాళ్లే కాదు. అయితే ఉన్న నంబరును ఎవరైనా గీకేసిన జాడ కనిపిస్తే మాత్రం అది వేరే సంగతి, పోలీసులకు చెప్పాల్సిందే.

ఇక కంపెనీ. అది దొరకదు, ఎందుకంటే జె.సి. హిగిన్స్ అనేది సియర్స్ దుకాణాలు తమ ఆటసామాన్లకు, సైకిళ్లకు, తుపాకులకు పెట్టుకున్న బ్రాండు పేరు. తయారీ వేరేవాళ్లది. ఎవరిదన్నది ఆ మోడల్ నంబరులో చుక్కకు ముందున్న అంకెలే చెప్తాయి: 101 అంటే శావేజ్-స్టీవెన్స్ కంపెనీ, 583 అయితే హై స్టాండర్డ్ కంపెనీ. మాంట్‌గోమరీ వార్డ్ దుకాణాల ‘వెస్టర్న్ ఫీల్డ్’, వెస్టర్న్ ఆటో దుకాణాల ‘రెవలేషన్’ కూడా ఇలా పైన పేరు మార్చి అమ్మినవే. పాత తుపాకుల పార్టులు అమ్మేవాళ్ల దగ్గర దుకాణం పేరుకు ఎదురుగా అసలు మోడల్ చూపించే పట్టిక ఉంటుంది, మీ నంబరు పూర్తిగా, చుక్క తర్వాతి అంకెలతో సహా చెప్పి అందులో చూడమనండి.

మీది స్టీవెన్స్ 94 మోడల్ అని తేలినా వెంటనే ఆర్డరు పెట్టేయకండి. 94ఏ, 94బి, 94సి అంటూ ఏళ్ల తరబడి మార్చుకుంటూ పోయారు, ఆ చివరి అక్షరం తేడాతో పిన్ను కూడా మారిపోవచ్చు. విరిగిన ముక్కలు రెండూ దాచి, వెర్నియర్‌తో పొడవు, లావు కొలిచి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి ఆ పార్టులు అమ్మేవాళ్లకు పంపండి, పేరు కన్నా కొలతే నమ్మకం. వచ్చిన పిన్నును గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) చేతే వేయించండి. అది ముందుకు తక్కువ పొడుచుకొస్తే తూటా పేలదు, ఎక్కువైతే ప్రైమర్‌కు (తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూతకు) చిల్లు పడి వేడి గ్యాసు వెనక్కి, అంటే మీ ముఖం వైపు తంతుంది. ఇరవై డాలర్లు మిగుల్చుకోవడానికి ఇంట్లో ఆకురాయితో అరగదీసే పని మాత్రం చేయకండి సార్.

ప్రశ్న: నా దగ్గరున్నది హెచ్ అండ్ ఆర్ కంపెనీ టాపర్ షాట్‌గన్, 16 బోరు (గొట్టం లోపలి సైజు). అదే మోడల్‌ది 12 బోరు బారెల్ విడిగా కొని తగిలించుకోవచ్చా?

జవాబు: వద్దు. చూడ్డానికి బిగిసినట్టే ఉంటుంది కానీ బారెల్‌ను ఆ ఒక్క ఫ్రేముకు (బారెల్ వెనక ట్రిగ్గర్ ఉండే భాగానికి) సరిపోయేలా సరిచేయాలి. కంపెనీ నడిచిన రోజుల్లో కూడా అదనపు బారెల్ కావాలంటే ఫ్రేమును ఫ్యాక్టరీకి పంపమనేవాళ్లు.