టర్బో ఇంజిన్ కోసం 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న (కుదించి ఇచ్చాం): సార్, మాది విశాఖపట్నం, గాజువాక. నా వయసు 31. మెకానికల్ డిప్లొమా చేసి పరవాడ ఫార్మా సిటీలో మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను. చేతికి నెలకు 58,000 వస్తుంది. ఇల్లు నాన్నగారు కట్టిందే, అద్దె లేదు. భార్య, ఏడాది పాప, అమ్మానాన్నలు ఉన్నారు. ఇంటి ఖర్చు 32,000, బైక్ ఈఎమ్‌ఐ 3,800 (ఇంకా 7 నెలలు), సిప్ 5,000. బ్యాంకులో 2 లక్షల 40 వేల ఎఫ్‌డీ ఉంది. టర్మ్ పాలసీ లేదు, కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంది. నా దగ్గర 2008 మోడల్ స్విఫ్ట్ 1.3 పెట్రోల్ ఉంది. దాని నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు టర్బో పెట్టి కట్టాలని కాలేజీ రోజుల నుంచీ కోరిక. ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి 3.5 లక్షలు అవుతుందన్నాడు. ఫోన్‌లో 5 లక్షల ప్రీ అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది, 14 శాతం వడ్డీ, 4 ఏళ్లు. ఈఎమ్‌ఐ కట్టగలననే నమ్మకం ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. తీసుకోమంటారా, లేక ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: రెండూ వద్దు. లోన్ తీసుకోకండి, ఎఫ్‌డీ ముట్టుకోకండి. అలాగని ఇంజిన్ కట్టాలన్న కోరికను వదిలేయమని నేను చెప్పను. మీరు మేస్త్రి కొటేషన్ ఫొటోతో పాటు సొంతంగా గీసుకున్న పైపుల బొమ్మ కూడా పంపారు. పదేళ్లుగా మనసులో ఉన్న పని అది. డబ్బులు జాగ్రత్తగా వాడాలంటే ఇష్టాలన్నీ చంపుకోవాలని నేను ఎవరికీ చెప్పను. కాకపోతే మీరు అనుకున్న దారిలో, అనుకున్న కారులో, అప్పు తెచ్చి మాత్రం వద్దు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఈఎమ్‌ఐ. 5 లక్షలు, 14 శాతం, 48 నెలలు అంటే నెలకు సుమారు 13,660. నాలుగేళ్లలో కట్టేది 6 లక్షల 56 వేలు, అందులో వడ్డీయే లక్షా 56 వేలు. మీరు రాసిన ఖర్చులన్నీ పోగా నెలకు 17,200 మిగులుతోంది. ఈఎమ్‌ఐ పోతే చేతిలో ఉండేది 3,500. ఏడాది పాప ఉన్న ఇంట్లో ఒక జ్వరం, నాలుగు టెస్టులు వస్తే ఆ డబ్బు ఒక్క వారానికి సరిపోదు. కట్టగలగడం వేరు, కడుతూ మనశ్శాంతిగా ఉండగలగడం వేరు. మీకు మొదటిది ఉంది, రెండోది ఉండదు.

ఇక కొటేషన్ దగ్గరకు వద్దాం. అసలు సమస్య అక్కడుంది. అందులో టర్బో, మానిఫోల్డ్ (పొగ గొట్టాల సెట్), ఇంటర్‌కూలర్ (గాలిని చల్లబరిచేది), ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మేవి), పిగ్గీబ్యాక్ ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కు తోడుగా తగిలించేది), కూలి ఉన్నాయి. అంటే బయట తగిలించే సామాన్లే. ఇంజిన్ లోపలి మాట ఒక్కటీ లేదు. 

టర్బో ఏం చేస్తుందో మీకు తెలుసు. బయటకు పోయే పొగ ఊపుతో తిరుగుతూ, గాలిని నొక్కి సిలిండర్లలోకి తోస్తుంది. మామూలు ఇంజిన్ 1 బార్ వాతావరణ పీడనం దగ్గర గాలి పీలుస్తుంది. 0.5 బార్ బూస్ట్, అంటే అదనపు పీడనం పెడితే కాగితం మీద గాలి ఒకటిన్నర రెట్లు అవుతుంది, మీ స్విఫ్ట్ 87 హెచ్‌పీ కాస్తా 130 అవ్వాలి. నిజానికి అంత రాదు. నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడి గాలి పలచబడుతుంది. ఇంటర్‌కూలర్ పెట్టేది అందుకే. మే నెల ఎండలో ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆగి ఉంటే ఆ ఇంటర్‌కూలర్‌కు గాలి తగలదు. రేడియేటర్‌కు కూడా తగలదు, ఎందుకంటే ఇంటర్‌కూలర్ దాని ముందే అడ్డంగా ఉంటుంది. కాబట్టి పెద్ద రేడియేటర్, మంచి ఫ్యాన్ కూడా కావాలి. అవి కొటేషన్‌లో లేవు.

గాలి పెరిగితే పెట్రోల్ పెరగాలి. మామూలుగా పెట్రోల్ ఇంజిన్‌కు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ లెక్క. బూస్ట్‌లో ఉన్నప్పుడు అది 12కు, ఇంకా కిందికి దిగాలి, లేకపోతే సిలిండర్ లోపల వేడి తట్టుకోలేం. పంప్ ఆ వేగానికి అందించలేకపోయినా, ఈసీయూ మ్యాప్ సరిగ్గా లేకపోయినా మిశ్రమం పలచబడి నాక్ (మంట చేరకముందే మిగిలిన మిశ్రమం దానంతటదే పేలడం) మొదలవుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నాక్‌ను కొంత తట్టుకుంటుంది, నిజమే. కానీ అదే గాలికి ఎక్కువ ఇంధనం అడుగుతుంది, మీ 2008 కారు రబ్బరు గొట్టాలు దానికోసం తయారైనవి కావు. పంప్, గొట్టాలు, గాలి పెట్రోల్ పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ గేజ్ అన్నీ అదనం.

నాక్ వస్తే ఖర్చు ఎలా పాకుతుందో ఒక్కసారి చూడండి. కంపెనీ నుంచి వచ్చే క్యాస్ట్ (పోత పోసిన) పిస్టన్‌లో ముందు పగిలేది రింగుల మధ్య ఉండే సన్నటి అంచు. అది పగిలితే బోర్ (సిలిండర్ లోపలి గోడ) గీసుకుపోతుంది. ముక్కలు ఎగ్జాస్ట్‌లోకి పోతే కొత్త టర్బో బ్లేడ్లు దెబ్బతింటాయి. ఒక చిన్న ముక్క వల్ల పిస్టన్ సెట్, బోరింగ్, టర్బో మూడూ మళ్లీ కొనాల్సి వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ముందే ఫోర్జ్‌డ్ (నొక్కి గట్టిపరిచిన) పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, గట్టి హెడ్ స్టడ్లు, మెటల్ గ్యాస్కెట్ వేస్తారు. రింగ్ గ్యాప్ కూడా బూస్ట్‌కు తగ్గట్టు పెంచి అమర్చాలి. గ్యాప్ తక్కువైతే వేడికి రింగు చివరలు తగులుకుని అదే అంచును విరగ్గొడతాయి. టర్బో నుంచి సంప్‌కు (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టికి) దిగే ఆయిల్ పైపు కిందికి వాలుగా లేకపోతే ఆయిల్ సరిగ్గా దిగక టర్బో సీల్ దగ్గర లీకై సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. ఇవన్నీ దాటాక క్లచ్ జారుతుంది, ఆ తర్వాత గేర్‌బాక్స్, బ్రేకుల వంతు. చివరగా డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద ట్యూనింగ్. దానికోసం కారును వేరే ఊరు పంపాలంటే ట్రక్కు బాడుగ రెండు వైపులా పడుతుంది. ఈ సామాన్లలో చాలావరకు దిగుమతివి. వెబ్‌సైట్‌లో చూపించే ధర మీద రవాణా, కస్టమ్స్, జీఎస్టీ కలుస్తాయి.

నా అంచనాలో మీ 3.5 లక్షలు రెట్టింపు కాకుండా ఆగవు. మేస్త్రి మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు. ఆయన తను చేసే పనికి ధర చెప్పాడు, మీరు దాన్ని ప్రాజెక్టు మొత్తం ధర అనుకున్నారు. ఒకసారి పాడై మళ్లీ కట్టాల్సి వస్తే అయ్యే ఖర్చును కూడా మొదటి రోజే కాగితం మీద రాయాలి. మొదటిసారి కట్టే ఇంజిన్‌కు ఆ గండం ఉంటుంది. అప్పు తీసుకుని కట్టినప్పుడు ఇంజిన్ ఆగిపోయినా ఈఎమ్‌ఐ ఆగదు.

చట్టం సంగతి కూడా డబ్బు సంగతే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. జరిమానా చిన్నదే కదా అనిపించొచ్చు. అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర తగులుతుంది. చెప్పకుండా ఇంజిన్ మారిస్తే మీ కారు డ్యామేజీ క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరించడానికి గట్టి కారణం దొరికినట్టే. రుషికొండ నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలి ప్రాణం పోతే, థర్డ్ పార్టీ పరిహారానికి పరిమితి లేదు. ఆ డబ్బు విషయంలో బీమా కంపెనీ మీతో కోర్టులో వాదనకు దిగే పరిస్థితి తెచ్చుకోకూడదు. మీ పాప పేరు మీద పెట్టే ప్రతి రూపాయీ అప్పుడు ప్రమాదంలో పడుతుంది. ఈ ఒక్క విషయంలో నేను మీతో బేరమాడను.

ఇంకొకటి. మీది 2008 కారు కాబట్టి 15 ఏళ్లు నిండి 2023లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉంటుంది. అది 5 ఏళ్లకే. 2028లో మళ్లీ ఫిట్‌నెస్‌కు బానెట్ ఎత్తి చూపించాలి. లోన్ ఇంకా నడుస్తుండగానే ఆ రోజు వస్తుంది. బండి ఫెయిలైతే టర్బో విప్పి పాత సామాన్లు బిగించే కూలి కూడా మీదే. అమ్ముదామంటే మార్చిన కారుకు పెట్టిన డబ్బు చూసి ధర కట్టేవాళ్లు దొరకరు.

మరేం చేయాలి? మీ ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు అర్థమైంది ఏమిటంటే, మీకు వేగం కన్నా ఇంజిన్ కట్టడమే ఎక్కువ ఇష్టం. రాసినదాంట్లో టాప్ స్పీడ్ మాట ఒక్కసారి కూడా లేదు, బేరింగ్ క్లియరెన్స్ (బేరింగుకూ షాఫ్టుకూ మధ్య ఉండే సన్నటి సందు) మాట మూడుసార్లు ఉంది. అయితే మీకు కావలసింది రోడ్డు మీద ఉన్న కారు కాదు, స్టాండ్ మీద ఉన్న ఇంజిన్. అదే రకం పాత ఇంజిన్ ఒకటి స్క్రాప్‌లో కొనండి. బిల్లు, ఏ కారుదో తెలిపే కాగితాలు లేకుండా మాత్రం కొనకండి, దొంగ బండి ఇంజిన్ అంటగట్టే ప్రమాదం ఉంది. ఇంట్లో షెడ్డు ఉందన్నారు కదా, అక్కడ స్టాండ్ మీద పెట్టి విప్పండి. మైక్రోమీటర్, బోర్ గేజ్, ఫీలర్ గేజ్ కొనుక్కోండి, ఈ డబ్బు ఎప్పటికీ వృథా కాదు. బోరింగ్, హెడ్ ఫేసింగ్, క్రాంక్ గ్రైండింగ్ మాత్రం మంచి లేత్ షెడ్డులో చేయించండి. విడి భాగాలు ప్లాస్టిక్ కవర్లలో ఆయిల్ రాసి మూయండి. మన ఊరి సముద్రపు గాలికి కొత్తగా హోనింగ్ చేసిన బోర్ కూడా త్వరగా తుప్పు పడుతుంది.

ఇలా చేస్తే మీ స్విఫ్ట్ రోజూ పరవాడ వెళ్లొస్తూనే ఉంటుంది. ఏ నెల డబ్బు లేకపోతే ఆ నెల ఇంజిన్ మీద గుడ్డ కప్పి ఆగిపోవచ్చు. ఆ ఆగే స్వేచ్ఛ లోన్‌లో ఉండదు. ఇంజిన్ పూర్తయ్యాక దాన్ని రోడ్డు కారులో వేయకూడదన్నది గుర్తుంచుకోండి. ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో ఉంటుంది, అదే రకం మామూలు ఇంజిన్ మార్చాలన్నా ఆర్టీఓ అనుమతి ముందే కావాలి. టర్బో ఇంజిన్ నడపాలంటే రేస్ ట్రాక్ కోసం విడిగా ఒక పాత కారు, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ దాకా దాన్ని చేర్చే ట్రక్కు కావాలి. అది రెండు మూడేళ్ల తర్వాతి నిర్ణయం, ఇప్పుడు తేల్చక్కర్లేదు.

కాదు, రోడ్డు మీదే టర్బో లాగుడు కావాలంటే కంపెనీయే టర్బోతో అమ్మిన పాత కారు చూడండి. పోలో జీటీ టీఎస్‌ఐలో 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, 105 హెచ్‌పీ. ఫియట్ లీనియా టీ-జెట్‌లో 1.4 లీటర్లు, 114 హెచ్‌పీ. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండూ శుభ్రంగా ఉంటాయి. అయితే పోలో డీఎస్‌జీ (ఆటోమేటిక్) గేర్‌బాక్స్ రిపేరు ఖరీదైనది, ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం ఆపేసి ఏళ్లయింది కాబట్టి సామాన్లు వెతుక్కోవాలి. మీ చేతిపని ఇష్టాన్ని బట్టి చూస్తే నాకు స్టాండ్ మీద ఇంజినే మేలనిపిస్తోంది.

ఇప్పుడు ఆ 17,200 ఎలా పంచాలో చెబుతాను. ఇంటి ఖర్చు ఆరు నెలలకు లక్షా 92 వేలు, కాబట్టి మీ ఎఫ్‌డీ అత్యవసర నిధి. దాన్ని అలాగే ఉంచండి. వెంటనే కోటి రూపాయల టర్మ్ పాలసీ, కుటుంబానికి సొంతంగా ఒక హెల్త్ ఫ్లోటర్ (ఇంట్లో వాళ్లందరికీ కలిపి ఒకే పాలసీ) తీసుకోండి. ఉద్యోగం మారితే కంపెనీ పాలసీ మీతో రాదు. వ్యక్తిగత టర్మ్, హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. రెండింటికీ కలిపి నెలకు 2,700 పక్కన పెట్టుకోండి. పాప పేరు మీద పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి తెరిచి నెలకు 4,000 వేయండి. తర్వాత 7,000తో ‘ఇంజిన్’ అని పేరు పెట్టి ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. 3,500 చేతిలో ఉంటుంది. ఏడు నెలల తర్వాత బైక్ ఈఎమ్‌ఐ అయిపోగానే ఆ 3,800కు ఇంజిన్ పేరుతోనే ఇంకో ఆర్‌డీ తెరవండి. రెండేళ్లకు వడ్డీ కాకుండానే 2 లక్షల 32 వేలు అవుతుంది. పాత ఇంజిన్, పనిముట్లు, లేత్ పని, ఫోర్జ్‌డ్ సామాన్ల మొదటి విడత దీనిలోంచే రావాలి. క్రెడిట్ కార్డు ఈ షెడ్డులోకి రాకూడదు.

ఇంట్లో చెప్పలేదన్నారు. ఈ వారమే చెప్పండి. మీ ఆవిడకు లోన్ కాగితం కాదు, ఆర్‌డీ లెక్క, టర్మ్ పాలసీ లెక్క చూపించి, ఇంజిన్ డబ్బు ఇంతకు మించదని మాట ఇవ్వండి. పాలసీలు, సుకన్య ఖాతా, ఆర్‌డీ ఈ వరుసలోనే మొదలుపెట్టండి. పాత ఇంజిన్ కొని విప్పాక బోర్, క్రాంక్ కొలతలు రాసి నాకు పంపండి. ఏ సామాను ముందు కొనాలో, ఏది ఆగొచ్చో అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.